మూడో సీసా

శనివారం పొద్దున రెబెకా అనపగింజలు పితుకుతూ ఉంటే, రఘునాథ్ వంటింట్లోకి వచ్చి ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. రాత్రంతా నానిన గింజలు. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి, పప్పు జారి గిన్నెలో పడుతుంది. రెబెకా తల ఎత్తలేదు. చెప్పవలసింది ఏదో ఉంటేనే ఆయన అలా కూర్చుంటాడని ఆమెకు తెలుసు.

"రేపు బెంగళూరు నుంచి ఒకాయన వస్తాండాడు రెబెకా. మునిచంద్ర అని. సొంతూరు మన పలమనేరే. తిరుపతిలో బైపాసు పక్కన పెద్ద హోటల్ కడతాండారు కదా, వాళ్ళ మనిషి. ఆడ వైన్ల సంగతంతా చూసుకునేదానికి ఒకరు కావాలంట. మన డాక్టరు ధనశేఖర్ నా పేరు చెప్పినాడు. రేపు మనతో భోజనానికి కూర్చుంటాడు."

"పరీక్షా సార్?"

"అట్లనే అనుకో." ఆయన గిన్నెలోంచి ఒక పప్పుగింజ తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "ఈ పని వస్తే నిన్నూ ఆడికే తీసకపోతా. పెద్ద వంటిల్లు. జీతం కూడా ఇంతకు రెండింతలు."

చంద్రగిరి దాటాక మామిడితోటలో ఉంది ఆ ఇల్లు. బొంబాయిలో, గోవాలో పెద్ద హోటళ్ళలో ముప్పై ఏళ్ళు పనిచేసి వచ్చిన రఘునాథ్ దాన్ని కట్టుకున్నాడు. నెలకొకసారి, రెండో ఆదివారం మధ్యాహ్నం, అక్కడ స్నేహితులు చేరతారు. ఎముకల డాక్టరు ధనశేఖర్, యూనివర్సిటీలో చరిత్ర చెప్పే నారాయణి తప్పకుండా వస్తారు. తాగి తూలడానికి కాదు. మూడు నాలుగు రకాల వైన్లు, ఒక్కో దానికి తగిన వంటకం. గ్లాసులో అడుగున కొంచెం పోసుకుని, తిప్పి, వాసన చూసి, గుక్కెడు తాగి, ఇందులో ఏముందో, ఏ కూరతో ఎలా కుదిరిందో మాట్లాడుకుంటారు. రఘునాథ్ చెబుతాడు, మిగతావాళ్ళు వింటారు. ఆయన చెప్పాక వాళ్ళకూ తెలుస్తుంది.

ఆ గ్లాసులో ఏముందో రఘునాథ్‌కు మూడేళ్ళుగా తెలియదు. ఆ సంగతి తెలిసినది రెబెకాకు ఒక్కదానికే.

కరోనా వచ్చి తగ్గిన తర్వాత ఒకరోజు ఆయన పొయ్యి పక్కనే నిలబడి ఉండగా తిరగమాత మాడి ఇల్లంతా పొగ వాసన కొట్టింది. రెబెకా పెరట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆయన అదే చోట నిలబడి పేపరు చదువుతున్నాడు. మాడిన బాణలినీ ఆమెనూ చూసి, కరివేపాకు రెమ్మ ఒకటి అందుకుని నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత ఆ ఆకును కిందపడేసి, ఈ పీట మీదే కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఉప్పూ పులుపూ కారమూ నాలుకకు తెలుస్తున్నాయి, అంతకుమించి ఏమీ తెలియడం లేదని చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. రెబెకా చెప్పలేదు. మొగుడు పాల్‌కు కూడా చెప్పలేదు. చూపు పోయినవాడికి చెయ్యి అందించడం పాపం కాదనుకుంది.

అప్పటినుంచి ఆ ఆదివారాలు పదకొండు గంటలకు ఆయన సీసాలు తెరిచి, స్టీలు గ్లాసులో రెండు వేళ్ళంత పోసి ఆమెకు ఇస్తాడు. ఆమె వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి, సింకులో ఉమ్మేసి, తెలిసింది చెబుతుంది. చెట్టు మీదే మాగిన నేరేడు. వాన మొదటి చినుకులు పడిన గరువు నేల. చింతపండు పెట్టిన పాత జాడీ. ఆయన వాటిని ఇంగ్లీషు మాటల్లోకి మార్చి చీటీ మీద రాసుకుంటాడు. ఏ వైన్‌తో ఏది వడ్డించాలో కూడా ఆమే చెబుతుంది. ఆ మాటలన్నీ గంట తర్వాత భోజనాల బల్ల మీద నుంచి తిరిగి వినబడుతుంటే, మొదట్లో రెబెకాకు సంతోషంగానే ఉండేది.

"రేపు బాగా సూడల్ల రెబెకా," అన్నాడు రఘునాథ్ లేస్తూ.

"సూస్తా సార్."

ఆదివారం తొమ్మిదింటికే నారాయణి వచ్చింది. తిరుమల గుడిలో కైంకర్యం చేసే ఇంటి ఆడపడుచు. ఈ ఆదివారాల సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ తెలియదు. మాంసం ముట్టదు కాబట్టి రెబెకా ఆమె కోసం ప్రతిసారీ వేరే వండుతుంది. రెబెకా గ్లాసులు వేడినీళ్ళలో కడిగి ఉతికిన మల్లుగుడ్డతో తుడుస్తుంటే, నారాయణి ఒక్కొక్కటీ అందుకుని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. "అద్దం మాదిరి ఉండాయి రెబెకా. మా ఇంట్లో ఆరాధన పాత్రలు కూడా ఇంత శుభ్రంగా కడగరు," అని నవ్వి, తోటలోకి వెళ్ళింది.

పదకొండింటికి రఘునాథ్ వంటింటి తలుపు వేసి మూడు సీసాలు తెరిచాడు. మొదటిది తెల్లది. పచ్చిమామిడి పిందె, దబ్బాకు. "అలసంద వడలకు సరిపోతాది సార్." రెండోది లేత ఎరుపు. "దీంట్లో దానిమ్మ ఉండాది, తేలిగ్గా ఉండాది. పితికిపప్పుకు పెడదాం."

మూడో సీసా బెండు బిరడా తీసేటప్పుడు ఆయన చేతులు జాగ్రత్తపడ్డాయి. ఇటలీది. పన్నెండేళ్ళ నాటిది. ఇలాంటి రోజు కోసమే దాచుకున్నాడు. గ్లాసు ముక్కు దాకా రాకముందే రెబెకా ఆగిపోయింది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. నోట్లో పోసుకోలేదు.

"ఇది వద్దు సార్. చెడిపొయ్యింది."

"చెడేదేంది?"

"తడిసిన గోనెసంచి వాసన. లోపల పండు చచ్చిపొయ్యింది సార్."

ఆయన సీసా తిప్పి పైన అంటించిన కాగితాన్ని చూశాడు. "ఇది పాత సరుకు రెబెకా. పాతదానికి అట్లాంటి వాసన ఉంటాది. నీకు తెలీదు."

"పాత వాసన నాకు తెలుసు సార్. పోయిన దీపావళికి డాక్టర్ సార్ తెచ్చింది పాతదే కదా. ఇది అది కాదు."

రఘునాథ్ గదిలోకి వెళ్ళి వైన్ల మీది లావు పుస్తకం ఒకటి తెచ్చి, పుట తిరగేసి, అందులో చూసి చీటీ రాసుకున్నాడు. ఆమె చెప్పకుండా ఆయన చీటీ రాసుకోవడం మూడేళ్ళలో అదే మొదటిసారి.

మునిచంద్ర పన్నెండున్నరకు వచ్చాడు. యాభై దాటిన పొట్టి మనిషి. కాగితంలో చుట్టిన సీసా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. "నాలుగోది నాది. పేరు చెప్పను," అన్నాడు నవ్వుతూ. డాక్టరు ధనశేఖర్ ఆయన భుజం తట్టి, "మా రఘునాథ్ వాసన చూసి ఏ తోటదో, ఏ ఏడుదో చెప్తాడప్పా, సూస్తా ఉండు," అన్నాడు.

వడలతో తెల్లది బాగా నడిచింది. పితికిపప్పు, అన్నం ముందు పెట్టినప్పుడు మునిచంద్ర రెండో గ్లాసు గుక్కెడు తాగి, కూర కొంచెం నాలుక మీద పెట్టుకుని, మళ్ళీ తాగాడు. "ఈ రెంటినీ కలపాలని ఎవరికి తోచింది?" అని అడిగాడు. తలుపు దగ్గర నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడిన రెబెకా వింది. "ఎన్నో ఏండ్ల అలవాటు," అన్నాడు రఘునాథ్. నారాయణి మెచ్చుకోలుగా తల ఊపింది.

తర్వాత రాగిసంగటి, నాటుకోడి పులుసు. మూడో సీసా.

రఘునాథ్ గ్లాసు ఎత్తి నెమ్మదిగా తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. "అడవి పుట్టగొడుగు. పాత తోలు. చివర్లో ఎండు గులాబీ," అన్నాడు.

"గులాబీ తెలుస్తాండాది," అన్నాడు డాక్టరు.

నారాయణి రెండుసార్లు వాసన చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. రఘునాథ్ మొహం చూసింది. "పుట్టగొడుగు... ఉంది," అంది.

మునిచంద్ర ఒక్కసారే వాసన చూశాడు. గ్లాసు కింద పెట్టి, వేలితో కొంచెం దూరంగా జరిపాడు. "రఘునాథ్ గారూ, ఇంకొక తూరి సూడండి," అన్నాడు మెల్లగా.

రఘునాథ్ గ్లాసు ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చాడు. ఆయనకు గ్లాసులో ఏమీ దొరకలేదు. దొరికింది మునిచంద్ర మొహంలో. రఘునాథ్ చెవులు ఎర్రబడటం రెబెకాకు తలుపు దగ్గరనుంచి కనబడింది.

"రెబెకా."

ఆమె వచ్చి నిలబడింది.

"గ్లాసులు దేంతో తుడిచినావు?"

"ఉతికిన గుడ్డతోనే సార్. వేడినీళ్ళతో కడిగి..."

"మాసిన గుడ్డ పెట్టి తుడిచినావు. గ్లాసంతా ముక్కిన వాసన. ఇంత మంచి సరుకు నాశనం చేసినావు." గొంతు పెరిగింది. "కడిగినాక ఒకసారి వాసన చూసుకోవా? ముక్కు లేదా నీకు?"

రెబెకా చేతిలో పులుసు గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడింది. ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"పనోళ్ళతో ఎప్పుడూ ఇంతేనప్పా," అన్నాడు డాక్టరు. "మా ఇంట్లోనూ ఇదే."

రెబెకా నారాయణి వైపు చూసింది. పొద్దున ఆ గ్లాసుల్ని వెలుతురుకు పట్టి చూసిన మనిషి. నారాయణి తన పళ్ళెంలో సంగటి ముద్దకు బొటనవేలితో గుంట చేసి, అందులో వంకాయ పులుసు పోసుకుంటోంది. పోసుకోవడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

"పోనీలేండి. ఈ గ్లాసులు మార్చండి, నాది చూద్దాం," అన్నాడు మునిచంద్ర.

బల్ల మీద వేరే గ్లాసులు పెట్టి, పాతవి వంటింట్లోకి తెచ్చి రెబెకా సింకులో పెట్టింది. దండెం మీది మల్లుగుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండ వాసన, సబ్బు వాసన. రెండోసారి చూసింది. అదే. తనకు తెలిసినదాన్ని తానే ఇంకోసారి చూసుకోవలసి వచ్చినందుకు అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. వేటమాంసం కుండ మీద మూత తీసి గరిటెతో కలపడం మొదలుపెట్టింది.

రఘునాథ్ స్టీలు గ్లాసుతో గబగబా లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఆడ అట్ల అనాల్సి వచ్చింది రెబెకా. మనసులో పెట్టుకోవద్దు. మళ్ళీ మాట్లాడుకుందాం." గ్లాసు చాచాడు. "ఇది ఆయన తెచ్చింది. ఏందో చెప్పు, తొందరగా."

ఆమె అందుకోలేదు. అందుకోకపోయినా వాసన వచ్చింది. నేరేడు, పక్కనే దంచిన మిరియం, దాని వెనక ఎక్కడో కాలిన కొయ్య. మన వైపు ఎండలో పండిందే. బెంగళూరు పక్క నందికొండల దగ్గరి తోటల సీసాలు ఇంతకు ముందు రెండుసార్లు వచ్చాయి. వాటిలాంటిదే, వాటికన్నా మంచిది. ఇదంతా ఆమెకు ఊపిరి పీల్చినంత సేపట్లో తెలిసిపోయింది.

"నాకు ముక్కు లేదు కదా సార్," అంది.

"ఇది సమయం కాదు రెబెకా."

"లేదు సార్."

ఆమె కుండ వైపు తిరిగింది. ఆయన నిలబడ్డాడు. గ్లాసు తన ముక్కుకే పెట్టుకుని లోపలికి పీల్చాడు. ఎండిన బావిలోకి బొక్కెన వేసి లాగినట్టు, పీలుస్తూనే ఉన్నాడు. తర్వాత గ్లాసును గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

రెబెకా మాంసం గిన్నె తీసుకుని తలుపు వెనక ఆగింది. ఇప్పుడు తెలిసిపోతుంది అనుకుంది. తెలిసిపోవాలని ఉంది. తెలిసిపోతే ఆయన మొహం చూడాలని లేదు.

బల్ల దగ్గర రఘునాథ్ తన గ్లాసును వెలుతురుకు పట్టాడు. చాలాసేపు పట్టుకున్నాడు. "గోవాలో నేను పనిలో చేరిన కొత్తలో ఒక ముసలాయన ఉండేవాడు," అని మొదలుపెట్టాడు. ఆ ముసలాయన మంచి వైన్ పోసిన ప్రతిసారీ ముందు టోపీ తీసేవాడట. ఎందుకని అడిగితే, ఈ గ్లాసులో ఒక ఏడాది ఎండ ఉంది, ఒకడి నడుంనొప్పి ఉంది, నమస్కారం చేయకుండా ఎలా తాగుతానన్నాడట. "ఇది అట్లాంటిది. పేరు అడగొద్దు. తొందరపడి ముక్కలు చేసి, ఇది ఉంది అది ఉంది అంటే దీన్ని అవమానించినట్టు. నేలను, ఎండను, ఓపికను తాగుతాండాం మనం."

"ఎండ తెలుస్తాండాది," అన్నాడు డాక్టరు, కళ్ళు మూసుకుని.

"నిజం," అంది నారాయణి. ఆమె గొంతు నిజంగానే తడిసింది.

మునిచంద్ర నవ్వాడు. గ్లాసు ఎత్తి రఘునాథ్ గ్లాసుకు తాకించాడు.

రెబెకా మాంసం వడ్డించింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. గ్లాసులో ఏముందో ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. అది ఎవరికీ కొరతగా తోచలేదు. మూడేళ్ళు తాను చెప్పిన నేరేడు, దానిమ్మ, చినుకులు పడిన నేల... అవి లేకపోయినా ఆ బల్ల దగ్గర పని జరిగిపోతుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

భోజనం అయ్యాక మునిచంద్ర చేతులు కడుక్కోవడానికి పెరటి కొళాయి దగ్గరికి వచ్చాడు. రెబెకా నీళ్ళు తిప్పి, తువ్వాలు పట్టుకుంది.

"మూడోది బెండు చెడిన సీసా. గుడ్డ వాసన కాదు," అన్నాడు ఆయన వేళ్ళ సందులు రుద్దుకుంటూ. "నీకు తెలుసు కదమ్మా?"

"పొద్దున్నే చెప్పినాను సార్."

"అనుకున్నాలే. గిన్నె పట్టుకుని నిలబడినప్పుడు నీ మొహం చూసినా." ఆయన కొళాయి కట్టేశాడు. "ఇంక నాలుగోదాని గురించి ఆయన కథ చెప్పినాడు కానీ, ఒక్క వాసన పేరు చెప్పలే."

రెబెకా తువ్వాలు మడత విప్పి పట్టుకుంది.

"ఆ పితికిపప్పుకు ఆ వైన్ పెట్టింది నువ్వేనా?"

"అవును సార్. అయితే ఆ పని సార్‌కు రాదా?"

"ఎందుకు రాదు? పని ఆయనదే." మునిచంద్ర తువ్వాలు అందుకున్నాడు. "మా హోటల్‌కి వచ్చేవాళ్ళు వాసన చూసేదానికి రారమ్మా. మాటలు వినేదానికి వస్తారు. అంత మాటకారి ఈ చుట్టుపక్కల యాడా దొరకడు."

ఆయన తువ్వాలు మడిచి ఇస్తూ, కూరలు బాగున్నాయన్నాడు. అటు తిరగబోతుంటే రెబెకా పిలిచింది.

"సార్. ఆ గుడ్డ మాసింది కాదని ఆడ ఒక్క మాట చెప్తారా?"

మునిచంద్ర ఆమెను దయగానే చూశాడు. "ఇప్పుడెందుకులేమ్మా. అయిపొయ్యింది కదా," అని లోపలికి వెళ్ళాడు.

సోమవారం రెబెకా పనికి వెళ్ళలేదు. మంగళవారమూ వెళ్ళలేదు. సెంట్రింగ్ పనిలో మోకాలు దెబ్బతిన్నాక పాల్ ఇంటిపట్టునే ఉంటున్నాడు. రెండు రోజులూ ఒంట్లో బాగలేదేమో అనుకుని ఊరుకున్నాడు. బుధవారం పొద్దున సందు మొదట్లో కారు ఆగింది. రఘునాథ్ దిగి, మురుగుకాలవ దాటి, వాళ్ళ ఇంటి ముందుకు నడిచి వచ్చాడు. పాల్ కుంటుకుంటూ వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వాకిట్లో వేశాడు.

"కాఫీ పెడతా సార్," అని లోపలికి పోయాడు.

"హోటల్ నుంచి నిన్న కాగితం వచ్చింది," అన్నాడు రఘునాథ్. "వచ్చే నెల ఒకటో తేదీ నుంచి. నీ మాట కూడా అడిగినా. వంటింట్లో తీసుకుంటారు. పొద్దున ఒక అరగంట నా గదిలోకి వచ్చి సీసాలు చూస్తే చాలు. ఇంతకు ముందు మాదిరే."

రెబెకా గడప మీద కూర్చుని ఉంది. "ఒకటి అడుగుతా సార్."

"అడుగు."

"డాక్టర్ సార్‌కు, నారాయణి మేడమ్‌కు ఫోన్ చేసి, ఆ పొద్దు గుడ్డ మాసింది కాదు, సీసానే చెడిపొయ్యిందని చెప్పండి. మీ సంగతి చెప్పొద్దు. గుడ్డ సంగతి ఒక్కటే. నా ముందర చెప్పండి. రేపటినుంచి వస్తా."

రఘునాథ్ జేబులోంచి ఫోన్ తీశాడు. వేలు తెర మీద కదిలింది. ధనశేఖర్ పేరు దాకా వెళ్ళింది. ఆగింది.

"సీసా చెడిందంటే, మరి నాకెందుకు తెలీలేదని అడుగుతారు కదా రెబెకా."

"అడుగుతారు సార్."

"దేంతో తుడిస్తే ఏముంది? వాళ్ళు ఆ మాటే మర్చిపొయ్యింటారు."

"నేను మర్చిపోలేదు సార్."

లోపలనుంచి మాడు వాసన వచ్చింది. పాల్ వీళ్ళ మాటలు వింటూ పాలను పొయ్యి మీద మరిచినట్టున్నాడు. ఘాటుగా, గొంతు పట్టుకునేలా వాకిలంతా నిండింది. ఎదురింటి ముసలామె ముగ్గు వేస్తూ తల ఎత్తి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రఘునాథ్ ఫోన్ వైపే చూస్తున్నాడు. చివరికి దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకేదన్నా అడుగు," అన్నాడు.

"ఇంకేం లేదు సార్."

పాల్ కాఫీ తెచ్చాడు. ఇంట్లో ఉన్నవి అవే పాలు. మొహం చిన్నబుచ్చుకుని గ్లాసు అందించి, మొదటి గుక్కకే కింద పెట్టేస్తాడని ఎదురుచూస్తూ పక్కనే నిలబడ్డాడు. రఘునాథ్ ఊదుకుంటూ అడుగుదాకా తాగాడు. "మంచి కాఫీ పాల్," అని గ్లాసు చేతికిచ్చి, రెబెకాను ఒకసారి చూసి, సందులోకి నడిచాడు.

కారు తిరిగి వెళ్ళిన చప్పుడు వినబడేదాకా పాల్ అలాగే ఉన్నాడు.

"సూడు మే," అన్నాడు. "మాడిపోయిన పాలు. నాకే తాగబుద్ధి కాలేదు. ఆయన చుక్క మిగల్చకుండా తాగి, బాగుండాదని చెప్పిపోయినాడు. నేను నొచ్చుకుంటానని. యాడుంటారు మే అట్లాంటి మనుషులు? వాకిట్లోకి వచ్చి పిలిస్తే ఏందో గుడ్డ, ఏందో ఫోన్ అంటివి."

రెబెకా మొగుడి మొహం చూసింది. ఒక్క మాట చాలు. కానీ మూడేళ్ళ కింద ఆయన పీట మీద కూర్చుని మొహం దాచుకున్నప్పుడు ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. ఆయన తన మాటలన్నీ వాడుకున్నాడు కాబట్టి ఈ మాట తప్పవచ్చని ఆమెకు తోచింది. తప్పలేకపోయింది.

"అవును," అంది. "మర్యాదస్తుడే."

"మరి?"

"ఏర్పేడులో హాస్టల్ మెస్సుకు వంటోళ్ళు కావాలంట. రేపు పొద్దున బస్సుకు పోయి అడిగొస్తా."

"పొగరు మే నీకు," అన్నాడు పాల్. కుంటుకుంటూ కుర్చీ లోపల పెట్టడానికి వెళ్ళాడు.

రెబెకా పాలగిన్నె తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది. అడుగున నల్లగా అంటుకుపోయింది. బూడిద చల్లి, పీచు పెట్టి, రెండు చేతులా తోమసాగింది.